చేసి చూడలేని నిజం

దూరంగా నీళ్లు కనిపిస్తాయి. నీళ్లేనా, ఎండమావులా? వెళ్లి తాగి దాహం తీరితే ముందు కలిగిన జ్ఞానం నిజమని తేలుతుంది అంటారు నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు. మీమాంసకులు ఒప్పుకోరు. జ్ఞానం దానంతట అదే ప్రమాణం, కాదని తేలేదాకా నమ్మాల్సిందే. ప్రతిదానికీ రుజువడిగితే ఆ రుజువుకు ఇంకో రుజువు కావాలి, బతుకు కదలదు అంటారు. మన తెలుగువాడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం హనుమకొండలో పాఠం చెప్పినన్నాళ్లూ నేను నైయాయికుల పక్షమే. హసన్‌పర్తిలో స్థిరపడ్డాక వాళ్ల పరీక్ష చెల్లని చోటు ఒకటి చూశాను.

ఎర్రగట్టు గుట్ట జాతరకు ముందు మా వాడకట్టు రైతు ఒకాయనకు వాట్సాప్‌లో ఫైలొచ్చింది. పేరు చివర ఏపీకే అని ఉంది, అంటే అది యాప్. "బ్యాంకోళ్లే పంపిన్రనుకున్న సార్. బొమ్మ గూడ గదే. అప్‌డేట్ చేసుకోకుంటే రాత్రికి ఖాతా బందైతదని ఉండె" అన్నాడు. తెలియని చోటి నుంచి వచ్చిన యాప్ అని ఫోన్ హెచ్చరించింది. ఆ హెచ్చరికను దాటే పద్ధతి కూడా మెసేజిలోనే ఉంది. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగితే ఇచ్చాడు. ఓటీపీలు ఆయన చూసేలోపే అవతలివాడికి చేరాయి. వానాకాలం వడ్ల పైసలు పోయాయి.

ఇక్కడ చేసి చూద్దామంటే కుదరదు, నొక్కడమే నష్టం. ఇదివరకు నిజమని తేలినదాన్ని పోలి ఉంటే నమ్మవచ్చని నైయాయికులు ఇంకో దారి చూపుతారు. మోసగాడు దొంగిలించేది సరిగ్గా ఆ పోలికనే. కంప్యూటర్లోనూ అంతే: ఏదో చదువుతుంటే మీ క్రోమ్ పాతబడిందంటూ అచ్చం గూగుల్ రంగుల్లో తెర లేస్తుంది.

మిగిలింది శబ్దప్రమాణం. మాటకు బలం చెప్పినవాడి నుంచి వస్తుంది కనుక, ఇది ఎవరి మాట, ఏ దారిన వచ్చింది అని ముందే అడగాలి. ఎవరు అప్‌డేట్ పంపినా ఆ లింకు వదిలేసి నేనే ప్లేస్టోర్‌కో, ఫోన్ సెట్టింగ్స్‌కో, విండోస్ అప్‌డేట్‌కో వెళ్లి చూస్తాను. నిజమైతే అక్కడ ఉంటుంది. వైరస్ పడింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని తెర మీద వస్తే అది మోసమే. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు పెట్టదు.

అయినా మీమాంసకులను తోసేయలేను. ఆ రైతు ఇప్పుడు ఏ అప్‌డేటూ ముట్టనంటున్నాడు. అదీ ప్రమాదమే. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఒక లోపాన్ని సరిచేసింది. ఆ సవరణ వేసుకోని యంత్రాలను మే నెలలో వన్నాక్రై అనే వైరస్ పట్టుకుంది. బ్రిటన్ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ కొన్ని చిక్కాయి. కారణం లేని సందేహమూ మనిషిని ముంచుతుంది. రాత్రికే ఖాతా బందన్న బెదిరింపు, అడక్కుండా వచ్చిన ఫైలు, ఇవి సందేహానికి తగిన కారణాలు.

చదువు లేక మోసపోయాడని వాడకట్టులో అంటే నాకు కోపమొస్తుంది. ఆయన నమ్మాడు. ఊరు నడిచేదే ఆ నమ్మకం మీద. పాపం దాన్ని వాడుకున్నవాడిది. సిగ్గుతో రెండు రోజులు ఎవరికీ చెప్పకపోవడమే ఆయనకు ఎక్కువ చేటు చేసింది. వెంటనే నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు చెబితే కొంతైనా ఆపగలిగేవారేమో.

ఇదంతా విని ఆ రైతు, "మరి నీ మాటెట్ల నమ్మాలె సార్?" అని అడిగాడు. తర్కంలో ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. నమ్మొద్దు, నువ్వే తెరిచి చూడమన్నాను. బాగుచేయించుకున్న ఫోన్లో తన వేలితోనే ప్లేస్టోర్ తెరిచి, బ్యాంకు పేరు వెతికి, ఆ యాప్ ఎవరు పెట్టారో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.