సుల్తానా కల మా ఇంటికెందుకు రాలేదు?

రంజాన్ నెల వస్తుందంటే పత్రికల వాళ్ళకి మేము గుర్తొస్తాం. హలీం మీద రాయండి, అత్తరు మీద రాయండి, లాడ్‌బజార్ గాజుల మీద రాయండి అంటారు. మొహర్రం వస్తే పీర్ల మీద, గొడవలు జరిగితే కర్ఫ్యూ మీద. ఇరవై ఏళ్ళుగా రాస్తూనే ఉన్నాం. అదీ మా బతుకే కాబట్టి కాదనలేదు. ఒకసారి ఒక పత్రిక రాబోయే కాలం మీద ప్రత్యేక సంచిక తలపెట్టింది. సైన్స్ కథల రచయితల జాబితా వేస్తుంటే మేమూ ఆ గదిలోనే కూర్చుని ఉన్నాం. జాబితాలో ఒక్క ముస్లిం పేరు లేదు. ఎందుకు లేదని అడిగితే ఒక మిత్రుడు నవ్వుతూ, "మీవాళ్ళకి గతం ఎక్కువ కదా భాయ్, భవిష్యత్తు గురించి ఎవరు రాశారు?" అన్నాడు.

అది ద్వేషంతో అన్న మాట కాదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. అంతకన్నా గుచ్చుకున్నదేమంటే, బదులు చెప్పడానికి ఆ పూట మా దగ్గర ఒక్క పేరూ లేదు. బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్ళం. వెల్స్ తెలుసు, వెర్న్ తెలుసు. మామూ గూట్లో ఇబ్నె సఫీ జాసూసీ నవలలు దొంగతనంగా చదివాం. ఉర్దూలో ఖాన్ మహబూబ్ తర్జీ, ఇజ్హార్ అసర్ లాంటివాళ్ళు సైన్స్ నవలలు రాశారని కూడా చాలా ఆలస్యంగానే తెలిసింది. రొకేయా సఖావత్ హుస్సేన్ పేరైతే ఏ క్లాసులోనూ వినలేదు, ఏ మీలాద్ జల్సాలోనూ వినలేదు.

'సుల్తానాస్ డ్రీమ్' 1905లో అచ్చయింది. చిన్న కథ, ఒక పూటలో చదివెయ్యొచ్చు. పడక కుర్చీలో కూర్చుని హిందుస్తానీ ఆడవాళ్ళ గతి గురించి ఆలోచిస్తున్న ఒకామె కునుకు తీస్తుంది. సారా అనే స్నేహితురాలు వచ్చి ఆమెను బయటికి తీసుకుపోతుంది. వీధుల్లో మగవాడు కనపడడు. మగవాళ్ళంతా మర్దానాలో ఉన్నారు, వంటా పిల్లలూ వాళ్ళ పని. రాజ్యం ఆడవాళ్ళది. ఆడవాళ్ళ కోసం రెండు విశ్వవిద్యాలయాలున్నాయి. ఒకదానివాళ్ళు ఆకాశంలోకి బెలూను ఎక్కించి, దానికి గొట్టాలు తగిలించి మబ్బుల్లోంచి నీళ్ళు దించుకుంటారు. రెండోదానివాళ్ళు ఎండ వేడిని పట్టి దాచుతారు. దానితోనే వంట, పొగ ఉండదు, మసి ఉండదు. ప్రయాణానికి గాలిలో ఎగిరే బండి. ఆఫీసు పని రోజుకు రెండు గంటలే. మగవాళ్ళకి అదే పనికి పొద్దంతా ఎందుకు పట్టేదంటే, చుట్టలు కాల్చుకుంటూ కూర్చునేవాళ్ళు కాబట్టి! ఇది చదివినప్పుడు మా ఆఫీసు గుర్తొచ్చి సిగ్గుపడ్డాం.

సౌరశక్తి గురించి ఇంతగా మాట్లాడుకుంటున్న మన కాలానికి నూట ఇరవై ఏళ్ళ ముందు, బడి మొహం చూడని పాతికేళ్ళ జనానా మనిషి ఇది రాసింది. రంగపూర్ దగ్గర పైరాబంద్ జమీందారు ఇంట్లో 1880లో పుట్టింది. ఆ ఇంట్లో ఆడపిల్లలకి అరబ్బీ, ఉర్దూ చాలనుకునేవాళ్ళు. బెంగాలీ, ఇంగ్లీషు నేర్పింది అన్న ఇబ్రహీం. అదీ ఇల్లంతా పడుకున్నాక, రాత్రిళ్ళు. బెంగాలీ షరీఫుల భాష కాదని పెద్దింటి ముసల్మానులు అనుకునే రోజుల్లో ఆమె బెంగాలీని తన భాష అంది. ఇంట్లో ఉర్దూ, కలంలో తెలుగు పెట్టుకుని, అటూ ఇటూ అనుమానపు చూపులు భరించే మాకు ఆ మాట బరువేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇంకో విషయం తెలిసినప్పుడు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాం. ఈ కథ మొదట అచ్చయింది కలకత్తాలో కాదు, మద్రాసులో. 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' అనే ఇంగ్లీషు పత్రికలో. దాని సంపాదకురాలు కమలా సత్తియనాథన్. ఆమె తెలుగింటి ఆడపడుచు, క్రైస్తవ కుటుంబం. భాగల్పూర్‌లో ఘోషాలో కూర్చున్న ఒక ముస్లిం స్త్రీ కలను మద్రాసులో ఒక తెలుగు క్రైస్తవ స్త్రీ అచ్చేసింది. అప్పుడు ఎవరూ మీవాళ్ళు మావాళ్ళు అని జాబితా వెయ్యలేదు. మన వాకిట్లోకి వచ్చిన కథ మన ఇంట్లోకి రాకుండానే వెళ్ళిపోయింది.

"వెలుగులోకి రాని రచయిత్రి" అని మేమే ఒక వ్యాసంలో రాశాం. ఆ మాట తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. బెంగాలీ చదివేవాళ్ళకి ఆమె ఎన్నడూ చీకట్లో లేదు. బంగ్లాదేశ్‌లో ఆమె పేరున విశ్వవిద్యాలయం ఉంది, డిసెంబరు 9న రొకేయా దినం జరుపుతారు. 2023లో స్పెయిన్‌ వాళ్ళు ఈ కథ ఆధారంగా యానిమేషన్ సినిమా తీశారు. 2024లో యునెస్కో ఆసియా-పసిఫిక్ స్మృతి జాబితాలో ఈ కథకి చోటిచ్చింది. చీకటి మా కళ్ళదైతే ఆమెని కనుగొన్నామని చెప్పుకోవడం ఏం న్యాయం?

అసలు చిక్కు కథలోనే ఉంది. భర్త సఖావత్ హుస్సేన్ టూరు నుంచి వచ్చి, నిలబడే మొత్తం చదివి, భయంకరమైన ప్రతీకారం అన్నాడట. ఆమే చెప్పుకుంది. నిజమే కదా, ఆడవాళ్ళని మూసిపెట్టడం తప్పయితే మగవాళ్ళని మూసిపెట్టడం ఒప్పెట్లా అవుతుంది? మా సెక్యులర్ మిత్రులు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. మేమూ కొన్నాళ్ళు ఆగాం.

కానీ సారా వాదం ఇంకోటి. పిచ్చివాళ్ళు వీధిలో తిరుగుతుంటే మంచివాళ్ళని ఇంట్లో పెట్టి తాళం వేస్తారా అని అడుగుతుంది. ఈ ప్రశ్న మాకు బాగా తెలిసిందే. గొడవ ఎవరు చేసినా తలుపులేసుకోమనేది మా గల్లీనే, ముందుజాగ్రత్త పేరుతో స్టేషన్‌కి పట్టుకుపోయేది మా పిల్లల్నే. భయపెట్టేవాణ్ణి వదిలేసి భయపడేవాణ్ణి మూసిపెట్టడాన్నే మా దగ్గర బందోబస్తు అంటారు. ఇంతవరకు చదివి మేము చప్పట్లు కొట్టబోయాం. చేతులు మధ్యలోనే ఆగాయి. రోజులు బాగాలేవు, కాలేజీ మానెయ్యమని మా ఇంటి ఆడపిల్లకి చెప్పిందెవరు? మేమే. అదే తర్కం, అదే తాళం. రొకేయా వేలు రెండు వైపులా చూపిస్తోంది. బయటివాళ్ళు మరిచిపోవడానికి కారణాలు వేరే ఉండొచ్చు, మనవాళ్ళు మరిచిపోవడానికి ఇదే కారణమని మా అనుమానం.

అలాగని ఆమెను మతం విదిల్చుకుని పారిపోయిన మనిషిగా మెచ్చుకునే మిత్రులతోనూ మాకు పేచీ ఉంది. ఆ కలల దేశంలో మహ్రమ్ అన్న మాట పోలేదు, దాని వలయం పెరిగింది. దూరపు బంధువు కూడా తోడబుట్టినవాడంత పవిత్రం. ఇది మతం లోపల కూర్చుని గోడలు వెనక్కి జరపడం. 1909లో భర్త పోయాక అయిదుగురు పిల్లలతో బడి పెట్టి, 1911లో దాన్ని కలకత్తాలో మళ్ళీ మొదలుపెట్టి, 1932లో చనిపోయేదాకా ఆమె చేసిన పనీ అదే.

కథలో లోపం లేదనం. రాణి మాత్రం రాణిగానే ఉంది. జమీందారు బిడ్డ కదా! ఒక దూదేకులామె రాసుంటే ఆ సింహాసనం ఉండేదో లేదో. కానీ ఆ రాజ్యానికి యుద్ధం ఎందుకొచ్చిందో చూడండి. పక్క దేశం నుంచి కొందరు ఆశ్రయం కోరి వచ్చారు. వాళ్ళని అప్పగించమని ఆ రాజు అడిగాడు. శరణన్నవాళ్ళని వెళ్ళగొట్టడం నా ధర్మం కాదని రాణి అంది. యుద్ధంలో మగ సైన్యం ఓడింది. అప్పుడే మగవాళ్ళు లోపలికి వెళ్ళారు. రెండువేల మంది విద్యార్థినులు తాము పట్టి దాచిన ఎండని శత్రువు మీదికి తిప్పి గెలిచారు. గెలిచిన ఆ రాణికి కోహినూరుని మించిన వజ్రమైనా అక్కర్లేదు. మన కృష్ణ ఒడ్డు నేలలో దొరికిందని చెప్పుకునే ఆ రాయి కోసం ఎన్ని తలలు తెగాయో తెలిసిన మనకి ఆ మాట ఇంకొంచెం దగ్గరగా వినిపిస్తుంది.

మొన్న మా ఖాలాజాన్‌కి ఈ కథని ఉర్దూలో చెప్పుకుంటూ చదివి వినిపించాం. ఆమె డెబ్బై దాటిన మనిషి, బడికి పోలేదు. ఎగిరే బండికి ఆశ్చర్యపోలేదు. మగవాళ్ళు మర్దానాలో ఉన్నారంటే, "అయితే దాల్లో ఉప్పెవరు చూస్తున్నారు?" అని అడిగి నవ్వింది. యుద్ధం దగ్గర చాలీసా అద్దాలు తీసి తుడుచుకుంది. కథ అయిపోయాక కాసేపు మాట్లాడలేదు. ఆ రోజు మా గల్లీలో నల్లా రాలేదు. రెండు ఖాళీ బిందెలు గడప దగ్గరే ఉన్నాయి.

"ఆ మబ్బుకి గొట్టం తగిలించే చోటు ఇంకోసారి చదువు బేటా" అంది.