ఇంటిపని నిత్యకర్మ కాదా?

మనుష్యుడు చేయు పనులు రెండు విధములు. చేసిన పిదప నిలుచునది యొకటి. చేసిన నాడే చెరిగిపోవునది మరియొకటి. గోడ కట్టినచో గోడ నిలుచును. గ్రంథము వ్రాసినచో గ్రంథము నిలుచును. బావి త్రవ్వించినవాని పేరు రాతిమీద నిలుచును. కాని ఊడ్చిన వాకిలి సాయంకాలమునకే మాయును. తోమిన పాత్ర మధ్యాహ్నమునకే ఎంగిలియగును. కలుపు తీసిన మడిలో పదిదినములకే మరల కలుపు మొలచును. మొదటి విధమైన పనికి లోకము సన్మానము చేయును. రెండవదానిని పని యని పిలుచుటకే సంకోచించును. ఈ భేదము న్యాయమైనదేనా? నిలుచుట యొక్కటియే పని విలువకు కొలబద్దయా? ఈ ప్రశ్నను గూర్చి చదువరులతో కొంత విచారింపదలచితిని.

ఇట్టి విచారమునకు శరదృతువు తగిన కాలము. హంద్రీనది యొడ్డున నున్న మా కోడుమూరు ప్రాంతమున వాన చాలవరకు భాద్రపద ఆశ్వయుజములలోనే కురియును. వాన వెనుకబట్టగానే ఇంటిపని ఒక్కసారిగా మీదపడును. మట్టిమిద్దెలు ఇంకను నిలిచియున్న యిండ్లలో మిద్దెమీద మొలచిన గడ్డి పెరికి, కారినచోట చవుడు పోసి అదుమవలయును. చెమ్మకు ఉబ్బిన గోడలకు సున్నము కొట్టవలయును. పండుగ నాటికి బొంతలు, దుప్పట్లు అన్నియు ఉతికి యెండవేయవలయును. చేనినుండి వచ్చిన వేరుసెనగకాయలను చెత్త యేరి యెండబోయవలయును. కొర్రలు, సజ్జలు చెరిగి కుండల కెత్తవలయును. ఉల్లిగడ్డలలో కుళ్ళినవానిని తీసివేయుచు తక్కినవానిని గాలి తగులుచోట ఆరబోయవలయును. రాబోవు సంవత్సరమునకు బీర, వంగ గింజలను బూడిదలో కలిపి దాచవలయును.

ఇక పెరటి పని. వానకు మొలచిన గడ్డి పెరికి, మడులు త్రవ్వి, పేడయెరువు వేసి, మెంతికూర, కొత్తిమీర చల్లుదురు. వానకాలమున పందిరికెక్కిన నాటు చిక్కుడుతీగ యెంత నీరు పోసినను ఆకులే వేయును గాని పూయదు. పగలు కురుచయై రాత్రి పొడవైన పిదప గాని అది పూతకు రాదు. అంతవరకు ఫలమేమియు కనబడకున్నను నీరు పోయుచునే యుండవలయును. బియ్యము కడిగిన నీటిని ఆ పాదునకు మళ్ళించు గృహిణికి ఈ సంగతి వృక్షశాస్త్రము చదువకయే తెలియును.

ఈ పనులు మన దేశమునకే చెందినవి కావు. మధ్యధరా సముద్రతీరపు గ్రీసు పల్లెలలో ఎండకాలము గడచి తొలివానలు పడునది శరత్తుననే. దున్నుట, విత్తుట, ఆలివుకాయలు కోసి నూనె తీయుట, చలికాలమునకు వంటచెరకు చేర్చుట అన్నియు అప్పుడే. సుమారు 2700 సంవత్సరములకు పూర్వము హెసియడ్ అను గ్రీకు కవి ‘పనులు, దినములు’ అను కావ్యమున, కృత్తికలు అస్తమించునప్పుడు దున్నుట ఆరంభింపుమని తన సోదరునకు బోధించినాడు. మన కార్తికమాసమునకు పేరు వచ్చినదియు ఆ నక్షత్రముల వలననే. ఆ పున్నమినాడు చంద్రుడు కృత్తికల యొద్ద నుండును. తెల్లవారునప్పుడు ఆ చుక్కలు పడమట క్రుంకుచుండును. రెండు దేశములవారు ఒకే చుక్కలను చూచి ఒకే ఋతువున పనికి నడుము కట్టిరనుట సంతోషకరమైన విషయము. కాని ఆ కవియే గృహస్థు సమకూర్చుకొనవలసినవానిని చెప్పుచు ఇల్లు, స్త్రీ, దున్నెడి యెద్దు అని ఒకే వరుసలో లెక్కించినాడు. నాగలిపని కావ్యమైనది, నాగలి పట్టినవానికి అన్నము వండిన చేయి యెద్దుప్రక్కన నిలిచినది.

తరువాతి శాస్త్రజ్ఞులు ఈ వరుసను మార్చలేదు, దానికి కారణము చెప్పిరి. 1776లో ఆడమ్ స్మిత్ తన అర్థశాస్త్ర గ్రంథమున ఇంటి సేవకుని శ్రమను విచారించి, అది చేసిన క్షణముననే నశించుననియు, పిదప అమ్మదగిన వస్తువు నేదియు మిగుల్పదనియు చెప్పి, ఉత్పాదకము కాని శ్రమలో చేర్చినాడు. అతడు పక్షపాతి కాడు. రాజులను, సైనికులను, న్యాయవాదులను, వైద్యులను, తుదకు గ్రంథకర్తలను గూడ ఆ పట్టికలోనే వ్రాసినాడు. లోకమే పక్షపాతము చూపినది. రాజును, వైద్యుని, గ్రంథకర్తను ఆ పట్టికనుండి మెల్లగా తప్పించినది; చీపురు పట్టినవారిని మాత్రము అందులోనే విడిచిపెట్టినది.

ఆ పట్టిక నేటికిని చెరగలేదు. 2001 నాటి మన జనాభా లెక్కలలో ఇంటిపని చేయు స్త్రీలను పనిచేయనివారిలో చేర్చి, భిక్షుకులతోడను ఖైదీలతోడను ఒకే వర్గమున నుంచిరని 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పున ఆక్షేపించినది. 2021 జనవరి 5వ తేదీన రోడ్డు ప్రమాదమున మరణించిన దంపతులకు సంబంధించిన అభియోగమున, మన తెలుగువారైన జస్టిస్ ఎన్. వి. రమణ గారు ప్రత్యేకాభిప్రాయము వ్రాయుచు, గృహిణి శ్రమకు ఆదాయము నూహించి లెక్కగట్టుట ఆ శ్రమను గుర్తించుటయే యని విశదపరచినారు. ఈ తీర్పులు ఆదరణీయములు. అయినను ఒక్కసారి ఆలోచింపుడు. బ్రదికియున్నన్నాళ్ళు సున్నగా నుండిన శ్రమ, ఆమె లారీక్రిందనో బస్సుక్రిందనో పడి మరణించిన పిదప నష్టపరిహారపు లెక్కలో అంకెగా మారుచున్నది. ఆ అంకె ఎవరికి సంతోషము కలిగించును?

ఈ చిక్కునుండి బయటపడుటకు మన శాస్త్రములలోనే ఒక దారి కలదు. పూర్వమీమాంసకులు కర్మలను నిత్యములు, నైమిత్తికములు, కామ్యములు అని విభజించినారు. ఫలము కోరి చేయునది కామ్యము. ఒకానొక నిమిత్తము వచ్చినప్పుడు చేయునది నైమిత్తికము. ప్రతిదినము విధిగా చేయవలసినది నిత్యము. నిత్యకర్మ చేసినందువలన క్రొత్తగా కలుగు ఫలము లేకున్నను, చేయకున్నచో ప్రత్యవాయము, అనగా దోషము, కలుగునని పెద్దలు చెప్పుదురు. నిన్న సంధ్య వార్చితిని గనుక నేడక్కరలేదని యెవరును అనరు. రేపు మరల చేయవలసియుండుట ఆ కర్మకు లోపము కాదు. అదియే దాని లక్షణము.

ఈ లక్షణములు ఇంటిపనికి అక్షరాల సరిపోవుటలేదా? పండుగకు ముందు సున్నము కొట్టుట నైమిత్తికము. దినదినము కసువు ఊడ్చుట నిత్యము. చేసినదాని ఫలము ఎవరికిని కనబడదు. చేయనిదాని దోషము మూడు దినములలో ఊరంతటికి కనబడును. 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు, మా హంద్రీయు పొంగి కర్నూలు నగరమును ముంచినప్పుడు ఈ సత్యము వేలకొలది యిండ్లలో ఒక్కమారే ప్రత్యక్షమైనది. నీరు తీసిన పిదప ఇండ్లనిండ బురద మిగిలినది. దుకాణము తెరచుటకు గాని, కచేరికి పోవుటకు గాని, బిడ్డను బడికి పంపుటకు గాని ముందు ఆ బురద ఎత్తిపోయవలసివచ్చినది. ఒక్కొక్క గిన్నె కడుగవలసివచ్చినది. నిలుచు పనులన్నియు ఈ నిలువని పనిమీదనే నిలిచియున్నవని వరద నేర్పిన పాఠము. అది ప్రతిదినము జరుగుచున్నందుననే మనము దానిని మరచితిమి.

సంధ్య వైదికము, చీపురు లౌకికము, రెంటికిని పోలిక యేమని పండితులు కోపింపవచ్చును. చీపురునకు మంత్రము కల్పింపవలయునని నా అభిప్రాయము కాదు. ఫలము మిగులనంత మాత్రమున కర్మ తక్కువ కాదని ఒకచోట ఒప్పుకొన్నవారు మరియొకచోట ఏల కాదందురని మాత్రమే నా ప్రశ్న. అంతేకాదు. నిత్యకర్మలో మరియొక నియమము గలదు. ఎవరిది వారే చేసికొనవలయును. నా సంధ్య నీవు వార్చుమని భార్యతో ననువాడు లోకమున లేడు. నా యెంగిలి నీవు తీయుమని అననివాడు మాత్రము మిక్కిలి అరుదు.

పురుషుడు బయట కష్టించును, స్త్రీ ఇంట కష్టించును, ఇది శ్రమవిభాగమే గదా యని కొందరందురు. విభాగమన రెండు పాళ్ళు చేయుట. మా నల్లరేగడి చేలలో కలుపు తీయువారు ఎవరు? ప్రత్తి యేరువారు ఎవరు? ఉల్లిగడ్డ పెరికి కోయువారు ఎవరు? అధికముగా స్త్రీలే. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి గుంటూరు సీమ మిరపచేలకు వలసపోవు కుటుంబములలో స్త్రీ పగలు కాయకోసి, రాత్రి గుడారము ముందు మూడురాళ్ళ పొయ్యిమీద వండును. బయటిపని ఆమెకు కలిసినది; ఇంటిపని ఆమెకు తగ్గలేదు. దీనిని విభాగమనరాదు, కూడిక యనవలయును.

మన ప్రభుత్వమువారు జరిపిన కాలవినియోగపు సర్వేలో 2019లో ఇంటిపని చేయుచున్న స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు దానికై వెచ్చించుచున్నట్లు తేలినది. 2024లో మరల లెక్కింపగా స్త్రీలకు 289, పురుషులకు 88 అయినవి. రోటి బదులు గ్రైండరు, కట్టెపొయ్యి బదులు గ్యాసుపొయ్యి వచ్చినందున పని తగ్గినదని సంతోషించువారు ఈ అంకెలను జాగ్రత్తగా చూడవలయును. స్త్రీలకు తగ్గిన పదినిమిషములను పురుషులు తమమీద వేసికొనలేదు. వారికిని తొమ్మిది తగ్గినవి.

పెద్దల సంగతి యటుండనిండు. ఈ కూడిక ఎంత చిన్నవయస్సున మొదలగునో ఉపాధ్యాయుడనగుటచే నేను దినదినము చూచుచున్నాను. ప్రత్తి యేరు దినములలో ఆడపిల్లలు బడికి ఆలస్యముగా వత్తురు. కారణ మడిగిన, “కసువు ఊడ్చి, బోకులు తోమి వచ్చినాను సార్” అందురు. మగపిల్లవాడు ఆలస్యముగా వచ్చిన, “నిద్ర లేవలేదు సార్” అనును. హాజరుపట్టీకి రెండు ఆలస్యములును ఒకటియే. కాని ఆ పిల్ల పోగొట్టుకొన్న మొదటి గంట లెక్కల పాఠము ఆమె అన్నయో తమ్ముడో తిని లేచిన పళ్ళెములో పోయినదని తలిదండ్రులు గ్రహింపకున్నారు. ఆడపిల్లకు చదువు చెప్పించితిమని సంతోషించిన సంస్కారము ఆ పళ్ళెమును గూడ చూడవలసియున్నది.

మరికొందరు ఉదారులు గృహిణిని గృహలక్ష్మియని స్తుతించి తమ ఋణము తీరినదనుకొందురు. స్తోత్రము వలన అంట్లు తోమబడవు. వేరొకరు పనిమనిషిని పెట్టితిమి గదా యందురు. జీతమిచ్చుట న్యాయమే, మర్యాదగా, సరిగా ఇచ్చినచో మరియు న్యాయము. కాని ఆ పనిమనిషియు ఒక యింటి యిల్లాలే. మన వాకిలి ఊడ్చి పోయి ఆమె తన వాకిలి ఊడ్చుకొనవలయును. పని మన కన్నులకు దూరమైనది గాని, పురుషుని చేతికి దగ్గర కాలేదు.

సంస్కర్తలకు గూడ ఇక్కడ ఒక హెచ్చరిక కలదు. 1898లో డర్బన్ నగరమున తమ యింట నున్న అతిథి మూత్రపాత్రను శుభ్రపరచుమని గాంధీజీ కస్తూరిబాను నిర్బంధించి, ఆమె కంటతడి పెట్టినందుకు కోపించి, ఆమెను గుమ్మమువరకు ఈడ్చుకొనిపోయిన సంగతిని ఆయనయే తన ఆత్మకథలో సిగ్గుతో వ్రాసినారు. ఆ మహనీయుడే 1901లో కలకత్తా కాంగ్రెసునందు ఎవరును ముట్టని మరుగుదొడ్డిని తానే చీపురు తెప్పించుకొని శుభ్రము చేసినారు. పని యొకటే. ఒకచోట ఆజ్ఞ, మరియొకచోట ఆచరణ. ఆజ్ఞ ఇంటిలో కన్నీరు తెచ్చినది. ఆచరణ దేశమునకు మార్గమైనది. సంస్కారము భార్యతో ఆరంభింపజేయుట సులభము. తనతో ఆరంభించుటయే కష్టము.

కావున పురుషులకు నేను చేయు మనవి చిన్నది. “ఇంటిపనిలో నా భార్యకు సాయము చేయుచున్నాను” అను మాటను మొదట విడువుడు. సాయమనగా పని ఆమెది యని ముందే తీర్పు చెప్పుట. తిన్నవానిదే పళ్ళెము, నడచినవానిదే వాకిలి. ఈ శరత్తున పెరటిలో ఒక్క మడి మీ వంతుగా తీసికొనుడు. మీరే త్రవ్వుడు, మీరే చల్లుడు, పదిదినములకు మరల మొలచు కలుపును మీరే పెరుకుడు. ఇంటిలో ఒక్క పనిని, పండుగనాడు మాత్రమే గాక ప్రతిదినము, ఎవరును చెప్పకుండ చేయుడు. మగపిల్లలకు చీపురు పట్టుట అక్షరాభ్యాసమంత సహజముగా నేర్పుడు. మెప్పు నాశింపకుడు. ఈ పని యింతవరకు చేసినవారి నెవరును మెచ్చలేదు. మెప్పు లేక, గుర్తు మిగులక, రేపు మరల చేయవలసియుండియు విసుగక చేయుట యెట్టిదో మనము తెలిసికొన్న నాడు గాని, మన తల్లులు మన కేమి చేసిరో మనకు తెలియదు.