తాపం ఎక్కడికి పోతుంది?

బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ 1920ల చివర్లో ఫోర్డ్ కార్లు వేసుకుని ఈజిప్టు పడమటి భాగంలోని లిబియా ఎడారిలోకి వెళ్లేవాడు. మెత్తటి ఇసుకలో కారు నత్తనడక నడుస్తుంది, ఇంజిన్ మాత్రం రొప్పుతుంటుంది. గాలి వెనకనుంచి వీచిందంటే రేడియేటర్‌కు ఊపిరాడదు. లోపలి నీళ్లు మరిగి ఆవిరైపోతాయి. ఆ ఎడారిలో రేడియేటర్ దాహమూ మనిషి దాహమూ మోసుకెళ్లిన ఒకే నిల్వలోంచి తీరాలి.

బాగ్నోల్డ్ చేసిన ఉపాయం చాలా చిన్నది. ఆవిరి బయటికి పోయే గొట్టాన్ని కారు పక్కన బిగించిన నీళ్ల డబ్బాలో ముంచాడు. ఆవిరి ఆ నీళ్లలో చేరి మళ్లీ నీరవుతుంది. డబ్బా కూడా మరగడం మొదలైతే కారును గాలికి ఎదురుగా తిప్పి కాసేపు ఆపాలి. రేడియేటర్ చల్లబడి లోపల ఒత్తిడి తగ్గగానే డబ్బాలోని నీళ్లు గుటగుటమంటూ వెనక్కి చేరతాయి. ఇవాళ బానెట్ ఎత్తితే కనిపించే కూలెంట్ డబ్బాలో ఉన్నదీ ఆ సూత్రమే.

నీళ్లు మిగిలాయి సరే, వేడి ఏమైంది? ఎడారి గాలిలో కలిసింది.

ఎడారి దారులకు కారును సిద్ధం చేసే మెకానిక్ మందమైన అల్యూమినియం రేడియేటర్ బిగిస్తాడు, గాలి పక్కదారి పట్టకుండా ఫ్యాన్ చుట్టూ కవచం కడతాడు, గేర్‌బాక్స్ ఆయిల్‌కు వేరే కూలర్ పెడతాడు. ఇదంతా ఎందుకంటే లెక్క తేలికే. కూలెంట్ 95 డిగ్రీలు, బయట 30 ఉంటే తేడా 65. బయట 50కి చేరితే తేడా 45. రేడియేటర్ అదే, కానీ దాని శక్తిలో మూడో వంతు దాకా పోయినట్టే. ఎంత ఖరీదైన పరికరమైనా వేడిని చంపదు, చోటు మారుస్తుంది. వేడి ఒక్కటే ఉంటే యంత్రం నడవదని, దాన్ని వదిలేందుకు చల్లని చోటు కూడా కావాలని సాడీ కార్నో 1824లోనే రాశాడు.

వేడికి మరో పేరు తాపం. తెలుగులో తాపత్రయం అంటే ఆరాటం. దాని అసలు అర్థం మూడు తాపాలు: తనలోంచి పుట్టేది, తోటి ప్రాణులవల్ల వచ్చేది, దైవికంగా వచ్చిపడేది. సాంఖ్య దర్శన గ్రంథమైన ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక ఈ మూడింటితోనే మొదలవుతుంది. కళ్లెదుటే ఉపాయాలుండగా వేరే విచారణ ఎందుకని తానే అడిగి, అవి తప్పక ఫలిస్తాయన్న నమ్మకం లేదు, ఫలించినా శాశ్వతం కావు అంటుంది. రేడియేటర్ అలాంటి ఉపాయమే. వైదిక కర్మలకూ ఇలాంటి లోపాలే ఉన్నాయని రెండో కారిక చెబుతుంది. ఎంత ధైర్యం ఆ మాటలో!

మరి సాంఖ్యం చూపే దారి? నాశనమంటే కారణంలో తిరిగి లీనం కావడమే అనే దర్శనం అది. కాబట్టి తాపాన్ని తుడిచేస్తానని అనదు. కాలేది ప్రకృతి, చూసేవాడు పురుషుడు (చైతన్యం), ఆ తేడా తెలియడమే విడుదల అంటుంది. ఎండలో నిలబడ్డ ఒంటికి ఈ జవాబు చాలదు. అయితే అదే సాంఖ్యం పురుషులు అనేకులని, ఒకరి విడుదల అందరిదీ కాదని గట్టిగా చెబుతుంది. చూసేవారు అనేకులైనప్పుడు, ఒకరి దగ్గర దిగిన తాపం మరొకరి దగ్గరికి చేరవచ్చు. అందుకే ఏ ఉపాయాన్నైనా అది ఎంత చల్లబరిచిందన్న ప్రశ్నతో వదిలేయకూడదు. ఆ వేడి ఎవరి మీదికి పోయిందో కూడా అడగాలి.

గల్ఫ్ రోడ్లమీద కారు ఏసీ లోపలివాళ్లను చల్లబరిచి, ఆ వేడిని బయటికి వదులుతుంది. బయట తారు పోస్తున్నవాళ్లలో కరీంనగర్, నిజామాబాద్ పల్లెలనుంచి వెళ్లినవాళ్లూ ఉంటారు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా నడి ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. రోజుకు రెండున్నర గంటల నీడ అది. కనిపించే ఉపాయమే, తాత్కాలికమే. అయినా ఆ నీడలో కూర్చున్నవాడికి అది తక్కువేమీ కాదు.

ఇంజిన్ వేడిని చూపే సూది ఎర్రగీత దగ్గరికి వచ్చినప్పుడు అనుభవమున్న డ్రైవర్లు మరో పని చేస్తారు. ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్‌ను పూర్తిగా తిప్పుతారు. డాష్‌బోర్డ్ వెనకున్న చిన్న రేడియేటర్‌లోంచి ఇంజిన్ వేడి నేరుగా డ్రైవర్ కాళ్లమీదికి వస్తుంది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది. సూది మెల్లగా కిందికి దిగుతుంది.