కేశచింత – కాయధర్మం

నుదుటిపై వెంట్రుకల అంచు ఒక వ్రేలి మందం వెనుకకు జరిగినంతమాత్రాన అది ధర్మవిచారానికి తగిన విషయమగునా యని పెద్దలు నవ్వవచ్చును. పిల్లను చూడబోవు ముందు అద్దం ఎదుట అరగంట నిలిచిన యువకునికి మాత్రం అది నవ్వులాట కాదు.

బోధన్ చెరకు ప్రాంతంలో ఇట్టి యువకుడు ఏ ఊరిలోనైనను కనిపించును. తండ్రి శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్‌లో పనిచేసినవాడు. 1937లో నెలకొన్న ఆ కర్మాగారం 2002లో ప్రైవేటు యాజమాన్యం చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. కొడుకు చదువుకొని హైదరాబాదులో ఉద్యోగం సంపాదించినాడు. వయస్సు ఇరువదియేడు, సంబంధాలు చూస్తున్నారు. కణతల వద్ద వెంట్రుకలు కొంచెం పలచబడినవి, నుదురు కొంచెం పెరిగినది. అంతే. కాని తోటి ఉద్యోగి ఒకడు తలపై వెంట్రుకలు నాటించుకొన్నాడు. చేతిలోని ఫోను తెరచినంతనే అట్టి చికిత్సల ప్రకటనలు కన్పించుచున్నవి. ఖర్చు వేలలో మొదలై లక్ష దాటును. తండ్రి మిగిలిన నాలుగు రూపాయలు తీసి యిచ్చుటకు సిద్ధమే. తాత మాత్రం, "నుదురు పెరిగితే మంచిదే గద బిడ్డా, విభూతికి జాగ ఎక్కువైతది" అన్నాడు. తాతకు డెబ్బది యేండ్లు దాటినను తల నిండ వెంట్రుకలే. కనుక ఆ మాట మనుమనికి వేదాంతం వలె గాక ఎగతాళి వలె తోచినది.

ఈ సందర్భంలో రెండు తొందర సమాధానాలు వినవచ్చును. డబ్బున్నది, చేయించుకొమ్మనుట ఒకటి. దేహం నశ్వరం, దాని చింత మానుమనుట మరియొకటి. మొదటిది ఆలోచనయే కాదు. రెండవది ఆలోచన వలె కనిపించును గాని శరణుల మార్గం కాదు. బసవేశ్వరుడు దేహాన్ని తృణీకరించలేదు. దానినే దేవాలయంగా, శిరస్సును దాని కలశంగా భావించినాడు. ఇష్టలింగాన్ని ధరించునది ఈ దేహమే, కాయకం చేయునది ఈ దేహమే. చూపు మందగించినవాడు కళ్లద్దాలు పెట్టుకొనును, పండ్లు ఊడినవాడు కట్టించుకొనును. ఇది శివుని చిత్తానికి విరుద్ధమని ఏ అయ్యగారును అనడు. తల వెంట్రుకలు నాటు విద్య సయితం సొగసు కొరకే పుట్టినది కాదు. 1939లో జపానులో ఒకుడా అను వైద్యుడు కాలిన గాయాల వలన వెంట్రుకలు పోయినవారికి ఆ పద్ధతిని వాడి ప్రకటించినాడు. 1950ల దశకంలో న్యూయార్క్‌లో ఓరెన్‌ట్రైచ్ అను చర్మవైద్యుడు దానిని సాధారణ బట్టతలకు అన్వయించినాడు. పాడైన గుడిని బాగుచేయుట జీర్ణోద్ధారణ. అందులో దోషం లేదు. అయితే కలశం నిజముగా విరిగినదా, లేక ప్రక్క గుడి కలశాన్ని చూచి యజమానికి మనసు విరిగినదా యన్నది తేల్చుకొనవలయును. (జుట్టు లేని తలయే మెరసే కలశమని చమత్కరించువారును కలరు. ఆ చమత్కారం జుట్టున్నవారి నోట తరచుగా వినబడును.)

కేశములను గూర్చిన సంభాషణ ఒకటి శరణుల చరిత్రలోనే కలదు. అక్కమహాదేవి రాజభోగాలను, వస్త్రములను సయితం విడిచి, కేశములే ఆచ్ఛాదనగా కల్యాణానికి వచ్చినది. అన్నీ విడిచినదానవు, మరి వెంట్రుకలతో దేహాన్ని ఏల కప్పుకొంటివని అల్లమప్రభువు ప్రశ్నించినాడు. అది తన కొరకు కాదు, చూచువారి మనస్సు నొవ్వకుండుటకని ఆమె సమాధానం. అక్కకు ఎదుటివారి యెడల ఉన్నది కరుణ. అద్దం ముందరి యువకునికి ఉన్నది ఎదుటివారి భయం. ఇరువురును కేశములను చూచువారి కొరకే తలచినను, వారి నడుమ దూరం బోధన్‌కు బసవకల్యాణానికి గల దూరం కంటె ఎక్కువ.

ఐనను ఆ భయం కల్పితం కాదని ఒప్పుకొనవలయును. ఫొటో చూచి కాదను ఇండ్లు ఉన్నవి. కనుక చికిత్స యొక్క నిజస్వరూపం కూడ తెలియవలయును. ఇందులో భ్రమలు మెండు.

గల్ఫ్ నుండి తిరిగివచ్చిన నిజామాబాదువారు అక్కడి నీటిని నిందింతురు. ఇక్కడివారు షాంపూను, హెల్మెట్‌ను నిందింతురు. సాధారణమైన పురుషుల బట్టతలకు ప్రధాన కారణాలు వంశలక్షణం, పురుష హార్మోను. అమెరికా శాస్త్రజ్ఞుడు హామిల్టన్ 1942లోనే ఈ సంబంధాన్ని చూపినాడు. తల ముందుభాగంలోని కుదుళ్లు ఆ హార్మోనుకు లొంగును. వెనుక, ప్రక్కల ఉన్నవి సాధారణంగా లొంగవు. వెనుకవాటిని తీసి ముందు నాటినచో అవి తమ స్వభావాన్ని వదలవు. చికిత్స అంతయు ఈ ఒక్క సూత్రంపై నిలిచినది. నారుమడి నుండి నారు తీసి పొలంలో నాటినట్లే. కాని ఒక్క భేదం కలదు. నరికిన చెరకు మోడు నుండి మరల పిలక వచ్చును. దుబ్బుతో పెకలించిన చోట ఏమియు రాదు. తల వెనుకనుండి తీసిన కుదురు రెండవ రకానిది. ఉన్న నారు ఇంతే. ఒకమారు వాడినచో అది తరిగినట్లే.

అంతకంటె ముఖ్యమైనది, నాటు వేయుట వలన ఉన్న వెంట్రుకలు రాలుట ఆగదు. ఇరువదియైదేండ్లకే ముందు అంచున దట్టముగా నాటించుకొన్నవానికి నలుబదియేండ్ల నాటికి వెనుక ఉన్న సహజకేశములు పోయి, నాటిన వరుస ఒక్కటే గట్టు వలె నిలువవచ్చును. అందుచేతనే వివేకులైన వైద్యులు చిన్నవయస్సున తొందరపడరు. పైగా యౌవనారంభం తరువాత నుదుటి అంచు కొంత వెనుకకు పోవుట చాలమంది పురుషులలో సహజమే. అది అక్కడనే ఆగిపోవచ్చును, సాగవచ్చును. కొంతకాలం చూచినగాని తెలియదు. మినాక్సిడిల్ వంటి పూతమందు, ఫినాస్టెరైడ్ అను మాత్ర ఉన్నవి. వాడినంతకాలమే వాటి ఫలితం. మాత్ర వలన కొందరిలో లైంగికమైన దుష్ఫలితాలు కలుగును గనుక వైద్యుని సలహా తప్పనిసరి. నాటిన వెంట్రుకలు సయితం కొన్ని వారాలలో రాలి, మూడు నాలుగు నెలలకు మొలకెత్తి, పూర్తిరూపం పొందుటకు ఇంచుమించు ఏడాది పట్టును. వచ్చే మాఘంలో పెండ్లి యనుకొని కార్తికంలో చేయించుకొనువారికి ఈ లెక్క ఎవరును ముందుగా చెప్పరు.

ప్రాణాపాయం అరుదు, కాని లేకపోలేదు. కాన్పూరులో ఈ చికిత్స తరువాత ఇద్దరు ఇంజినీర్లు మరణించిన ఉదంతం 2025లో పోలీసుల దాక పోయినది. అంతకుముందే, 2022 సెప్టెంబరులో, జాతీయ వైద్యమండలి ఈ చికిత్స ఎవరు చేయదగుదురో నిర్దేశించుచు, వీడియోలు చూచి నేర్చుకొన్నది శిక్షణ కాదని చెప్పవలసివచ్చినది. అట్లు చెప్పవలసిన అవసరం కలిగినదనుటయే స్థితిని తెలుపును.

ఇక ధనం మాట. తన కాయకంతో ఆర్జించి, ఇంటి బాధ్యతలు, దాసోహం తీరిన పిమ్మట మిగిలినదానితో చేయించుకొన్నవానిని తప్పుపట్టుటకు ఎవరికిని అధికారం లేదు. పని పోయిన తండ్రి దాచుకొన్నదానితో చేయించుకొనుట వేరు.

సత్యం మాట దీనికంటె చిక్కు. నాటినవి తన వెంట్రుకలే గనుక అది అబద్ధం కాదని వాదించవచ్చును. విగ్గు కంటె అది నిజమైనదే. కాని కాబోయే భార్యకు తెలియకుండ ఉంచవలెనను కోరిక పుట్టిన క్షణాన అది వెంట్రుకల విషయం కాకుండపోవును. ఇల్లు కట్టుటకు ముందే అందులో తాళం వేసిన గది ఒకటి ఏర్పడును. పరాయి పూజారికి సయితం చోటు లేకుండ అరచేతిలోని లింగంతో నేరుగా మాటాడువాడు, ఇంటిలోని మనిషితో చాటుగా ఉండుట ఎట్లు పొసగును?

మరియొకటి కలదు. కుమారుని నుదురు చూచి ఎవరైనను కాదందురేమో యని బెంగపడు ఇల్లే, వచ్చిన ఫొటోలలో "పిల్ల చామనచాయ" యని ఒకదానిని, "కొంచెం లావు" అని మరొకదానిని ప్రక్కకు నెట్టును. కొడుకు విషయంలో అన్యాయమని తోచిన తూకం ఆడపిల్లల విషయంలో న్యాయమెట్లగును? స్త్రీపురుష భేదాన్ని త్రోసిపుచ్చిన అనుభవమంటపం పేరు చెప్పుకొను ఇండ్లలో ఈ తూకం ఇంకను వాడుకలో ఉన్నది. వెంట్రుకలు నాటుటయా, మానుటయా యన్నదానికంటె ఇది పెద్ద ప్రశ్న. దీనిని ఎవరును వైద్యుని వద్దకు తీసికొనిపోరు.

ఆ యువకుడు నిజామాబాదులో ఒక చర్మవైద్యుని కలిసినాడు. వైద్యుడు తల తడిమి చూచి, ఫొటోలు తీయించి, ఏడాది తరువాత అవే కోణాలలో మరల తీయించి తెమ్మన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, జుట్టు నుదుటిపైకి దువ్వక, ఉన్నట్టుగానే ఫొటో తీయించుకొన్నాడు. పిమ్మట తల్లి పక్కన పెట్టిన ఫొటోలను అడిగినాడు.

"ఎందుకురా, గా పిల్ల నచ్చిందా ఏంది?"

"చూస్తెనే గదమ్మా తెలిసేది" అన్నాడు.