ఒకే పాత్ర, వేరే గ్లాసు

లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కనే సెయింట్ మార్టిన్-ఇన్-ద-ఫీల్డ్స్ చర్చి. నేను క్రైస్తవుణ్ణి కాదు. జేమ్స్ గిబ్స్ నమూనాతో 1726లో పూర్తయిన ఆ కట్టడం చూద్దామని ఒక ఆదివారం వెళ్ళాను. అక్కడ ఇంగ్లీషుతో పాటు కాంటనీస్, మాండరిన్ భాషల్లోనూ ఆరాధన జరుగుతుంది. మధ్యలో పాదిరిగారు చెప్పగానే అందరూ పక్కవాళ్ళకి చేతులిచ్చి శాంతి చెప్పుకున్నారు. ఒక ఆఫ్రికన్ పెద్దావిడా, ఒక చైనా కుర్రాడూ నా చేయి పట్టుకున్నారు. మనసు నిండిపోయింది. తర్వాత వాళ్ళంతా ఒకే పాత్రలో ద్రాక్షరసం తాగుతుంటే చూస్తూ కూచున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, మా ఊరి చర్చి. మా ఇంటికి నాలుగు వీధుల అవతల, పేటలో. ఇరవయ్యేళ్ళు ఆ ఊళ్ళో ఉండి ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. అక్కడి పాస్టరుగారు మా ఇంటికొస్తే, అమ్మ మంచినీళ్ళు వేరే గ్లాసులో ఇప్పించేది. చూరులో దోపి ఉండే ఆ గ్లాసు తీసిచ్చేది నేనే.

లండన్‌లో చేయి కలిపినందుకు నేను వదులుకున్నదేమీ లేదు. వాళ్ళెవరో నాకు తెలీదు, నేనెవరో వాళ్ళకి తెలీదు. తెలియనివాళ్ళతో సమానంగా ఉండటం సులువే. మరి తెలిసినవాళ్ళతో?

ఆ పాస్టరుగారు ఇప్పుడు లేరు. వాళ్ళబ్బాయి ఉన్నాడు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆ చర్చి గడప తొక్కగలనా? అతన్ని ఇంటికి పిలిచి, అమ్మ చూస్తుండగా, మా గ్లాసులోనే నీళ్ళివ్వగలనా?