దోహాలో ప్రభువు దినము



గత చలికాలమున మా చిలమత్తూరు ప్రాంతపు పిల్లల ఫుట్‌బాలు జట్టుతో కూడ మేము ఖతారు దేశములోని దోహా పట్టణమునకు వెళ్లి వచ్చిన సంగతి మీలో చాలమందికి తెలిసినదే. పదునైదేండ్లలోపు పిల్లలు పదుముగ్గురు, వారికి ఆట నేర్పు మాస్టరుగారు, మేము. జట్టులో మన సంఘపు బిడ్డలు ఇద్దరే. అయ్యగారు వెంట పోయినయెడలనే పంపుదుమని ఆ తలిదండ్రులు పట్టుపట్టిరి గనుక మాకీ ప్రయాణము తటస్థించెను. ఎవరు గెలిచిరని వీధిలో ఎదురైన ప్రతివారును అడుగుచున్నారు. అది చివర చెప్పెదము. అది చిన్న మాట.

పల్లెపిల్లలు ఆటకొరకు సముద్రము దాటుట ఇప్పుడు వింత కాదు. 2013లో ఝార్ఖండు రాష్ట్రపు పల్లెబాలికలు స్పెయిను దేశములో ఆడి, ఒక పోటీలో మూడవ స్థానము తెచ్చుకొనిరి. మన అనంతపురమునందు విన్సెంట్ ఫెర్రరుగారు 1969లో స్థాపించిన ఆర్.డి.టి. సంస్థవారి ఆటస్థలములను చూచినవారికి, ఈ కరవుసీమలో కూడ బంతి వెంట పరుగెత్తు పిల్లలకు కొదువ లేదని తెలియును. మా పిల్లలకు అంతటి స్థలము లేదు. నీరు లేని చెరువులోనే వారి ఆట. చెరువు నిండిన ఏడు ఆట లేదు, అందుకు ఎవరును విచారింపరు.

బయలుదేరక ముందు సంఘ పెద్దలు కూడి మమ్మును అడిగినది ఒక్కటే. "అయ్యగారూ, పిల్లోళ్లు ఆదివారం ఆడతారా?" మేము సంతోషముగా లేదని చెప్పితిమి. ఖతారులో వారపు సెలవులు శుక్ర శనివారములు. ఆదివారము అక్కడ పనిదినము, బడులును కచేరీలును తెరచియుండును. పోటీ శుక్ర శనివారములలోనే ముగిసిపోవును, ఆదివారము విమానమెక్కి ఇల్లు చేరుదుము. పెద్దలు తృప్తిపడిరి. మేమును కొంత గర్వపడితిమని ఒప్పుకొనవలెను. గోల్‌కీపరు పిల్లవాని తల్లి మాత్రము కుమారుని చేయి పట్టుకొని, ఆరాధన దినమున ఆడనని మాట తీసికొనెను. ఆమె ఆదివారము అనలేదు, ఆరాధన దినము అనెను. ఆ భేదము అప్పుడు మాకు తట్టలేదు.

మా ఊరినుండి దేవనహళ్లి విమానాశ్రయము రెండు గంటలలోపు దారి. అక్కడనుండి దోహా నాలుగున్నర గంటలు. హైదరాబాదు పోవుటకంటె తక్కువ కాలములో పరదేశము చేరితిమి.

గురువారము రాత్రి ఆ పిల్లవాని మేనమామ మా బసకు వచ్చెను. కదిరి దిక్కువాడు, అక్కడ డ్రైవరు పని. మేనల్లుని చూచి మూడేండ్లాయెనట. అతనికి శుక్రవారము ఒక్కదినమే సెలవు. దోహా అంచున మెసైమీర్ అనుచోట చర్చీలన్నియు ఒకే ఆవరణలో నున్నవి. ఆ ఆవరణలో మొదటి చర్చి 2008లో ప్రతిష్ఠింపబడినది. వెలుపల సిలువ కనబడదు, లోపల మాత్రము అనేక భాషలలో ఆరాధన జరుగును. శుక్రవారమే అక్కడ జనము నిండుదినము. తెలుగువారి కూటము ఉదయము పదింటికి. "రేపు నేనొచ్చి వీణ్ణి పిల్చుకపోతా అయ్యగారూ, మీరూ రండి, వాక్యం మీరే చెప్పాల" అని అతడు బతిమాలెను.

మా మొదటి ఆట శుక్రవారము తొమ్మిదిన్నరకు. రెండవ గోల్‌కీపరు చేయి విరిగి ఊరిలోనే నిలిచిపోయినాడు.

మేనమామ వెళ్లిన తరువాత పిల్లవాడు మా మంచము దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఈడ ప్రభువు దినం ఎప్పుడు?" అని అడిగెను.

ప్రియులారా, వేదపాఠశాలలో మాకు పరీక్షకులు అనేక ప్రశ్నలు వేసిరి, ఇది వేయలేదు. ప్రభువు దినము ఆదివారమే, పంచాంగము మారదు, పోయి ఆడుకొమ్మని చెప్పుట సులభము. మా నాలుక చివరకు ఆ జవాబు వచ్చెను కూడ. కాని అట్లు చెప్పినయెడల, అతని మేనమామ ఇన్నేండ్లుగా అలసిన దేహముతో పోయి చేసిన ఆరాధన వట్టిదని చెప్పినట్లే గదా. ఆదివారము సెలవు దినముగా పుట్టలేదు. రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైను 321లో శాసనము చేయువరకు అది పనిదినమే. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయమున త్రోయలో విశ్వాసులు ఆదివారమున కూడినది రాత్రివేళ. కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపోయి క్రిందపడెను. పౌలు ప్రసంగము దీర్ఘమైనదని మనము నవ్వుకొందుము. పగలంతయు యజమానుని ఇంట పాటుపడి వచ్చిన పిల్లవాడేమో ఎవరు చెప్పగలరు? గల్ఫు దేశములలోని మన సహోదరులు ఆ త్రోయవారి వంటివారు. యజమానుడు విడిచిన దినమే వారికి దొరికిన దినము. 2022 జనవరిలో ఎమిరేట్సు ప్రభుత్వము వారపు సెలవును శని ఆదివారములకు మార్చినప్పుడు, శుక్రవారపు ఆరాధనను ఏమి చేయవలెనను ప్రశ్న అక్కడి సంఘములకు వచ్చెను. ప్రభుత్వము మార్చగలిగిన దినమును ఆచరించుట తేలికైన భక్తి యని మేము అనుకొనము.

మేనమామ దినము నిజమైన ఆరాధన దినమైనచో, తల్లికిచ్చిన మాట శుక్రవారమునకును తగులును. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఎరిక్ లిడెల్‌గారి సంగతి మన ప్రసంగపీఠములనుండి ఎన్నోసారులు చెప్పితిమి. 1924లో పారిస్ ఒలింపిక్ ఆటలలో నూరు మీటర్ల పందెపు తొలి పరుగు ఆదివారమున పడగా ఆయన పరుగెత్తనని చెప్పి, నాలుగువందల మీటర్ల పందెమును 47.6 సెకండ్లలో గెలిచెను. (ఆ గెలుపు దినము శుక్రవారము.) మన సీమలో గుత్తి, కడప, అనంతపురములలో పనిచేసిన లండను మిషనువారే తరువాత ఆయనను చైనాకు పంపిరి. మేము ఎన్నడును చెప్పనిది మరియొకటి కలదు. చైనాలో జపానువారు 1943లో ఆయనను వెయ్‌షియెన్ నిర్బంధశిబిరములో పెట్టిరి. అక్కడ కూడ ఆదివారమున పిల్లలచేత ఆటలాడింపనని ఆయన మొదట నియమము పెట్టుకొనెను. పిల్లలు పెద్దలు లేకుండ తామే ఆదివారమున ఆడబోయి కొట్టుకొనిరి. అటుపిమ్మట లిడెల్‌గారు తానే ఆదివారపు ఆటకు రిఫరీగా నిలిచెను. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరములోనే ఆయన మరణించెను.

పారిస్‌లో పరుగెత్తని లిడెల్‌గారు గొప్పవాడా, ఈల ఊదిన లిడెల్‌గారు గొప్పవాడా? ఇద్దరును ఒక్కరే. పారిస్‌లో నష్టము ముఖ్యముగా ఆయనది. నలుగురు కలిసి పరుగెత్తు రిలే పందెములనుండి కూడ ఆయన తప్పుకొనెను గాని, ఆ స్థానములో పరుగెత్తుటకు వేరొకరుండిరి. శిబిరములో ఆయన నియమపు ఖర్చు చెల్లించినవారు పిల్లలు. అప్పుడు ఆయన ఆ ఖర్చును తనమీద వేసికొనెను.

ఇక్కడ మాకు మా చెరువు జ్ఞాపకమునకు వచ్చినది. తక్కిన దినములలో బడి గనుక జట్టు అభ్యాసము ఆదివారము ఉదయమే. మన పిల్లలిద్దరు ఆరాధన ముగిసి పదకొండు గంటలకు చేరుదురు. గోల్‌కీపరు లేక అభ్యాసము సాగదు. తక్కిన పదునొకండుగురు రెండేండ్లుగా తుమ్మచెట్టు నీడలో వారికొరకు కాచుకొని, ఎండ ముదిరిన తరువాత ఆడుచున్నారు. ఉండగలరా యని వారినెవరును అడుగలేదు. మేము అడుగలేదు. మన విశ్రాంతిదినమును వారు తమ చెమటతో ఆచరించుచుండిరి. మనము దానిని మన భక్తి లెక్కలో వ్రాసికొనుచుంటిమి.

నిర్గమకాండము 20వ అధ్యాయములోని ఆ ఆజ్ఞను మరల తీసి చదువుడి. అందులో దాసుడు, దాసి, పశువు, ఇంటనున్న పరదేశి, అందరి పేరును వచ్చును. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయము ఇంకను ముందుకు పోయి, నీవును ఐగుప్తులో దాసుడవై యుంటివని జ్ఞాపకము చేయును. నేను పని మానితినా అని అడుగుట కంటె, నావలన ఎవరు విశ్రమించిరని అడుగుట కష్టము. మన సంఘములో పట్టుపురుగులు పెంచువారికి ఇది చెప్పనక్కరలేదు. నాలుగవ జ్వరము లేచిన పురుగు ఆదివారమని ఆకు మానదు. ఆకు కోయకుండ ఆరాధనకు రమ్మని మేము ఎవరికైనను ఎన్నడైనను చెప్పితిమా?

అయినను మాట ఇచ్చినది తల్లికి. దానిని విడిపించు అధికారము మాకు లేదు. తెల్లవారగనే ఫోను చేసి పిల్లవాని చేతికిచ్చితిమి. ఆమె అప్పటికే చింతపండు గింజ తీయు పనిలో కూర్చున్నది. వాడు అంతయు చెప్పెను. కొంతసేపు ఆమె మాటాడలేదు. తరువాత మాకును వినబడునట్లు అనెను: "ఆ పిల్లోళ్లు నీ కోసరం ప్రతి ఆదివారం ఎండలో కాచుకోనుండ్లేదేమిరా? పో, ఆడు. మీ మామకు నేను చెప్తాలే."

మేము రాత్రియంతయు మేలుకొని చేరినచోటికి ఆమె ఒక్క ఊపిరిలో చేరెను.

మధ్యాహ్నము ఆట ఆపిరి. జట్టులోని ముసల్మాను పిల్లవాడు మాస్టరుగారితో మసీదుకు పోయెను. ఇంటివద్ద శుక్రవారము బడిలో సెలవడిగి నమాజుకు పోవు బిడ్డ, అక్కడ ఎవరిని అడుగనక్కరలేకపోయెను. ఆ దేశపు కాలపట్టికలోనే అతని ప్రార్థన ఇమిడియున్నది. మన దేశపు ఆదివారపు సెలవు కూడ మన భక్తికి దొరికిన బహుమానము కాదు. ఇంగ్లీషువారి పాలనలో వచ్చి నిలిచిపోయినది.

సాయంకాలము మేనమామ అన్నపు క్యారియరుతో, ఆరుగురు తెలుగు సహోదరులతో మా బసకు వచ్చెను. గదిలో చాపలు పరచి ఆరాధన చేసితిమి. మేము వాక్యము చెప్పుచుండగా గోల్‌కీపరు గోడకు ఆనుకొని నిద్రపోయెను. లేపబోయిన వారిని వద్దంటిమి. కిటికీ దూరముగానే యుండెను.

ఆదివారము విమానములో గడచెను. మీ ఆరాధనలో మేము లేము. విమానము నడిపినవారికిని, మాకు భోజనము పెట్టిన అమ్మాయికిని అది ఏ దినమో మేము అడుగలేదు.

పందెము సంగతి: నాలుగు ఆటలాడి ఒకటి గెలిచితిమి, ఒకటి సమమాయెను, రెండు ఓడితిమి.

పెద్దలలో ఒకరు ఇంకను తృప్తిపడలేదు. తల్లి మాట విడిచినను దేవునియెదుట మాట మాటయే యని ఆయన వాదము. ఆ వాదమును మేము తేలికగా తీసికొనము. ఇంతలో మేము ఒక మనవి పెట్టియున్నాము. ఆదివారపు ఆరాధనను ఉదయము ఏడింటికి మార్చినయెడల పిల్లలు తొమ్మిదికే చెరువు చేరుదురు, తక్కినవారు ఎండలో కాచుకొననక్కరలేదు. తెల్లవారి ఆకు కోసి, తట్టలకు వేసి ఏడింటికి ఎట్లు వచ్చెదమని పట్టుపురుగుల ఇండ్లవారు అడుగుచున్నారు. అదియు న్యాయమైన మాటయే. వచ్చు కమిటీ కూటములో మాటాడుదము. ఆ కూటమును ఆదివారము కాక వేరొక దినమున పెట్టుటకు ఎవరికి వీలగునో ముందుగా మాకు తెలుపుడి.