ఏడు రోజుల చీపురు

బడిలో పొద్దున్నే చెయ్యి చాపి చెప్పే ప్రతిజ్ఞ మొదట పుట్టింది తెలుగులోనే. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశాడు. చైనాతో యుద్ధం వచ్చిన సంవత్సరమది. దేశంలో ఉన్నవాళ్ళంతా తోబుట్టువులన్న మాట అందులో ముందే వస్తుంది. నోటికి సులువే. తోబుట్టువు మీద అనుమానం పెట్టుకుని కూడా ఆ మాట తడబడకుండా అప్పజెప్పడం ఇంకా సులువు, అదే చిక్కు.

మంచి పౌరుణ్ని బడి తయారుచేస్తుందా? పాఠంతోనా, పనితోనా? 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీ సమక్షంలో జరిగిన విద్యా సభ ఈ ప్రశ్న తేల్చడానికి ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు జాకిర్ హుసేన్, 1897లో మన హైదరాబాదులో పుట్టినవాడు. పిల్లలు చేత్తో పనికొచ్చే వస్తువు చెయ్యాలని, పదిమందితో కలిసి చెయ్యాలని ఆ కమిటీ చెప్పింది. అక్కడ పని ఎవరికో చేసిపెట్టే ఉపకారం కాదు. రోజూ అందరూ చెయ్యాల్సిందే. బాపనోళ్ళ పిల్లాడూ నూలు వడకాలి, దూదేకులోళ్ళ పిల్లాడూ వడకాలి. ఊరు ఎగతాళి చేసిన వృత్తి, కనీసం కాగితం మీదైనా చదువైపోయింది! ఆ తర్వాత ఆ చదువును దేశం అటకెక్కించింది.

బదులుగా సేవ వచ్చింది. గాంధీ శతజయంతి ఏడు, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళు, ఒక ఏడు రోజుల క్యాంపు, చివర సర్టిఫికెట్. కొట్టిపారేసే సంగతి కాదిది. ఏ కులం ఎవరిదో అడగకుండా ఒకే పంక్తిలో కూర్చుని తిన్న అన్నం ఎంతోమందికి ఆ క్యాంపులోనే మొదటిసారి దొరికింది.

కానీ ఆ చీపురు సంగతి మాట్లాడుకోవాలి. క్యాంపు పిల్లలు మాదిగవాడలో, సాయిబుల గల్లీలో వీధులు ఊడుస్తారు. ఫొటో దిగుతారు. ఎనిమిదో రోజు పొద్దున ఆ వీధి ఎవరు ఊడుస్తారు? రోజూ ఊడ్చేవాళ్ళే. వాళ్ళ గంటలు ఎవరూ లెక్కరాయరు. నెలనెలా జీతం చేతికొస్తే అదే పండగ. విద్యార్థి చేతిలో సేవ అయిన చీపురు సఫాయి కార్మికురాలి చేతిలో కులం ఎందుకైందని ఒక్క పిల్ల అడిగినా ఆ క్యాంపు సార్థకమే. గల్లీకి మోరీ ఎందుకు లేదు? మంజూరైన డబ్బు ఎక్కడ ఆగింది? 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద అర్జీ ఎట్లా రాయాలి? ఇవి మాత్రం నేర్పరు. ఊడవడం నేర్పుతారు, అడగడం నేర్పరు.

ఇది ఊరికే జరిగింది కాదనిపిస్తుంది. 1950లో రాజ్యాంగం అమల్లోకొచ్చినప్పుడు అందులో హక్కులున్నాయి, పౌరుల విధుల జాబితా లేదు. అది 1976లో, 42వ సవరణతో వచ్చింది. అంటే ఎమర్జెన్సీలో, హక్కులు అడిగినవాళ్ళు జైళ్ళలో ఉన్న రోజుల్లో. మతాలకతీతంగా సోదరభావం పెంచాలని కూడా ఆ జాబితాలో ఉంది. ఎవరు కాదంటారు? అది ఏ రోజుల్లో వచ్చిందో కూడా పిల్లలకు చెప్పమంటాను.

ముస్లిం పిల్లాడికి ఇంకో మెలిక ఉంది. తక్కిన పిల్లలకు పాఠమైన మంచి పౌరసత్వం వీడికి పరీక్ష. 2020లో కరోనా వచ్చిన మొదటి నెలల్లోనే తబ్లీగీ పేరు చెప్పి జబ్బుకు మతం అంటగట్టారు. ఆ రెండేళ్ళలోనే, అయినవాళ్ళు ముట్టని హిందువుల శవాలను చాలా ఊళ్ళలో ముస్లిం కుర్రాళ్ళు మోసి చితిదాకా చేర్చారు. పత్రికలు మెచ్చుకున్నాయి, శీర్షికలో మతం పెట్టి మరీ. హిందూ కుర్రాడు రక్తమిస్తే శీర్షికలో కుర్రాడే ఉంటాడు. మాకు మాత్రం మతం ఎందుకు? ఇతని నుంచి ఇది ఊహించలేదని చెప్పడానికి కాదా? చేసిన సేవనల్లా బాకీ కింద జమకడుతున్నారు సరే, ఆ అప్పు మేమెప్పుడు తీసుకున్నాం?

మా ఇళ్ళ సంగతీ చెప్పాలి. 'గొడవల్లోకి పోకు బేటా, మంచిపేరు తెచ్చుకో' అని పెంచుతాం. భయం నేర్పిన మంచితనం అది. 'హుకూకుల్ ఇబాద్' అని మా పెద్దలు వాడే మాటొకటుంది, తోటి మనుషులకు మనమీదున్న హక్కులని. పక్కింటివాడికి పెట్టే ముద్ద వాడి హక్కే తప్ప నా దయ కాదన్నమాట. ఇంత మంచి మాటను ఇంట్లో ఆడపిల్ల చదువు దాకా ఎందరం తెచ్చాం?

కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు. వాళ్ళ విశ్వాసం ఒప్పుకోదు గనక పాడేవాళ్ళు కాదు. 1985లో బడినుంచి వెళ్ళగొట్టారు. 1986లో సుప్రీంకోర్టు మళ్ళీ చేర్చుకోమంది. తీర్పు రాసిన ఓ. చిన్నపరెడ్డి తెలుగువాడే. ప్రతిజ్ఞ అయ్యాక ఒక్కరోజు ఆ ముగ్గురి కథ చెప్పి, వాళ్ళు మంచి పౌరులేనా అని తరగతిని అడిగే టీచరుంటే, ఆ గంటసేపు వెనక బెంచీలో కూర్చోవాలనుంది.